సమాధుల తోట తాళం

"మీ నాయినకు రాయి బిడ్డా, నా చెల్లె సత్తెమ్మను ఇప్పుడే మోసుకొస్తున్నం, సమాధుల తోట తాళం తీయమని."

మిర్యాలగూడల సావు ఇంట్ల తాత మంచం మీద కూసోని చెప్తుంటే, మనుమరాలు నోట్‌బుక్కుల రాస్తున్నది.

"నాయిన తియ్యడు తాతా. సత్తెమ్మవ్వ లెక్క సంఘం ఇడిసి వేరే మందిరానికి పోయినోళ్లకు గాడ జాగ లేదని, తాళంచెయ్యి పట్టుకోని గేటు కాడ కూసున్నడు."

"దేవుని రాజ్యం మన లోపట ఉంటదని ఏసయ్య చెప్పిండు గాని, గా అరెకరంల ఉంటదన్నడా?"

"గా రూల్ ఎవరు పెట్టిండ్రని నాయిన అడుగుతడు. ఏం రాయాలె?"

తాత నోట్‌బుక్కు మీద ఏలు పెట్టిండు.

"సంఘపెద్దగ ఉన్నప్పుడు నేనే పెట్టిన. తప్పు జేసిన అని రాయి."

"నీ పేరుతోనా? ఇజ్జత్ పోతది తాతా."

"పోనీ. చెల్లె పొద్దటిసంది వాకిట్ల పన్నది. గేటు కాడికి ఉరుకు బిడ్డా, పెద్దలందరు ఇనేటట్టు మీ నాయినకు సదివి ఇనిపియ్యి."