పలకలు నాకిన పొట్టేలు

కూచోరా మాల్యాద్రీ, ఆ బెంచీ మీద కూచో. డప్పులు ఇంకా మంట కాడ కాపుకుంటానే ఉండారు, పోలేరమ్మ యాడికీ పోదులే. గురవయ్య మామా, ఆ పసుపునీళ్ల చెంబు కింద పెట్టి నువ్వూ ఒక టీ తాగు. కోసే తొందర్లో ఉండారు గానీ, దేన్ని కోస్తాండారో తెలుసునా మీకు?

"తెలవకేంది రత్నమ్మత్తా? బళ్లో ఉండే ముసలి పొట్టేలు. మనూరి కాటమరాజు పోలేరమ్మకి మొక్కుకున్నెది," అన్నాడు మాల్యాద్రి. "ఏడేళ్లుగా నీళ్లు పోసినా ఒళ్లు జలదరించకుండా తప్పించుకుంటాంది. ఈసారి కొత్తకుండలో చల్లబెట్టిన నీళ్లు. జలదరించిందా, అమ్మ ఒప్పుకున్నట్టే. నా కత్తికి రెడీ."

కత్తంట! ఒరే, బడి ఊడ్చేది నేను, బడికి ఎదురుగా టీ కొట్టు పెట్టుకున్నెది నేను, తల్లి చచ్చిన పిల్లగా అదొస్తే సీసాతో పాలు పట్టింది నేను. బలపం పట్టని మొగమే గానీ, ఆ బళ్లో జరిగింది అయ్యవారికంటే నాకే ఎక్కువ తెలుసు. ఇప్పుడంటే దానికి పళ్లూడినాయి, ఒక కంట్లో పువ్వు పడింది. ఆ పొద్దు చూడాల దాన్ని.

మొదట జరిగింది చిన్నదే. బ్రహ్మం లెక్క తప్పు చేసినాడు. అయ్యవారు ఈతబరికె పట్టుకొని వరసగా చూసుకుంటా వస్తాండాడు. వీడికి చెమటలు. పలక కిందికి దించినాడో లేదో, పక్కన పడుకున్న పొట్టేలు మెడ సాచి ఒకే ఒక్క నాకుడు నాకింది. తప్పూ లేదు, లెక్కా లేదు. అయ్యవారొచ్చి చూస్తే మార్కాపురం పలక నల్లగా నిగనిగా మెరుస్తాంది. "ఇప్పుడే మొదలు పెడతాండా సార్" అన్నాడు మనోడు. దెబ్బ తప్పింది.

"ఉప్పుకు నాకింటాది లే అక్కా. పిల్లకాయలు ఎంగిలితోనే గదా పలక తుడిచేది," అనింది టీ గలాసు పట్టుకొని పక్క బెంచీ మీద కూచున్న మాలకొండమ్మ.

ఉప్పుకేనా? అయితే విను. పిల్లకాయలు మరిగినారు. ఎవురికి ఏ కష్టమొచ్చినా పలక మీద రాసి దాని ముందర పెట్టేది. విజయమ్మకి నత్తి. 'నత్తి' అనే రాసి పెట్టింది. నాకేసింది. తెల్లారి ఆ పిల్ల పద్యం గడగడా అప్పజెప్తాంటే అయ్యవారు నోరు తెరిచినాడు. బయట వసారాలో పొట్టేలు అరవబోయి "మ్... మ్... మ్మే" అనింది.

మాల్యాద్రి నవ్వి టీ లుంగీ మీద పోసుకున్నాడు.

నవ్వు, నవ్వు. నాకిన అక్షరం యాడికి పోతాది రా? నేల మీద పడలా, గాల్లో కలవలా. దాని కడుపులోకే గదా పోయింది. ఆ తర్వాత ఏమైందో తెలుసా? అయ్యవారు హాజరు పిలుస్తాండాడు. "ఆదెయ్యా" అన్నాడు. "వచ్చినా సార్" అని పలికింది. రాసుకున్నాడు. రాసుకొని తలెత్తితే, ఆదెయ్య చోట్లో పొట్టేలు కూచోనుంది. ఆదెయ్య జొరమొచ్చి ఇంటికాడ పడుండాడు.

మామా, నీ మనవడి మాట ఎత్తినానని ఏమనుకోవాకు. ఎత్తినాను గాబట్టి చెప్పేస్తా.

గురవయ్య మామ చెంబులోకి చూస్తా కూచున్నాడు.

వీళ్ల కోడలు, ఆదెయ్య తల్లి, బాయిలో పడి చచ్చిపోయినాక ఆ పిల్లోడు బాయి పక్కన నడిచేవాడు కాదు. లోపల్నుంచి "నాయనా, రా" అని పిలుస్తాదంట. పట్టపగలు. పుల్లలాగా అయిపోయినాడు. ఒకనాడు పలక మీద 'అమ్మ' అని రాసినాడు. మొదట నేర్చుకునేది ఆ మాటే గదా. రాసి, రెండు చేతుల్తో దాని మూతికాడ పట్టుకున్నాడు. పొట్టేలు శానాసేపు చూసింది. మూతి పక్కకు తిప్పుకుంది. మళ్లీ తిరిగి, మెల్లిగా, ఒక్కో అక్షరమే నాకింది. ఆ పొద్దు నుంచి వాడికి పిలుపు లేదు. సందెకాడ మాత్రం పొట్టేలు బాయి దిక్కు తిరిగి, చెవులు నిక్కబొడుచుకొని, "ఊ" అంటాది. కాసేపాగి మళ్లీ "ఊ". పిలిస్తే పలికినట్టు.

మాలకొండమ్మ పైట కప్పుకునింది. అవతల ఎవురో డప్పు మీద ఒక్క దెబ్బ వేసి ఆపినారు.

ఇదీ ఒక లెక్కా! అమ్మవారు పోసిన ఏడాది సంగతి చెప్తే మీకు అన్నం దిగదు. ఊళ్లో నలభైమంది పిల్లకాయలు నలభై పలకల మీద పేర్లు రాసి వసారాలో పరిచినారు...

"బళ్లో ఉండేది పదకొండుమంది గదత్తా. నలభై పలకలు యాడివి?"

పక్కూరోళ్లు గూడా తెచ్చినారు, నువ్వు ఊళ్లో ఉండావా అప్పుడు? విను. అన్నీ నాకింది. మిట్టమధ్యాన్నం పోలేరమ్మే వచ్చింది. తడి జుట్టు, చేతిలో వేపకొమ్మ. ఇండ్లల్లో పిల్లకాయలు ఉండారు, కానీ ఆమె కంటికి ఆనరే! పేర్లు పొట్టేలు కడుపులో ఉంటే ఎట్ల ఆనతారు? బడి గడప కాడ నిలబడి హాజరు పిలిచింది. నలభై పేర్లు. పొట్టేలు నలభై గొంతుల్తో "వచ్చినా, వచ్చినా" అనింది. లెక్క సరిపోయిందని ఎల్లిపోయింది తల్లి. పొట్టేలుకి బొచ్చు రాలి నలభై పొక్కులు లేచినాయి. ఎండలో నిలబెడితే దానికి నలభై నీడలు! త్రిపురాంతకం సంతకు తోలబోతే బండి ఇరుసు ఇరిగింది. నాలుగు జతల ఎద్దులు మోకాళ్ల మీద పడినాయి. కర్నూలు నుంచొచ్చిన ఇన్‌స్పెక్టరు కాటా మీద ఎక్కించమన్నాడు, ముల్లు గిర్రున తిరిగి తిరిగి ఊడి ఆయన టోపీలో పడింది! అంత బరువు మోసే ఒళ్లు మీ కుండనీళ్లకు జలదరిస్తాదంట్రా? పొరపాటున కోసినారో, కడుపులోటివన్నీ లేచి ఎవురింటివి వాళ్లింటికి నడుచుకుంటా పోతాయి. తలుపులేసుకున్నా ఆగవు.

మాల్యాద్రి లేచినాడు. నవ్వు లేదు మొగంలో. "మీరు దాన్ని తోలుకరాండి, నేను ముందర పోతా," అని మాలకొండమ్మతో పాటు ఎల్లిపోయినాడు.

గురవయ్య మామ మాత్రం కదల్లా. నా కొట్టు గుంజకి కట్టేసిన పొట్టేలు కాడికి పోయి ఈపు మీద చెయ్యి వేసినాడు. ఆ చెయ్యి ముక్కుకాడ పెట్టుకున్నాడు.

"ఆముదం," అన్నాడు.

నేను గలాసులు కడుగుతాండా.

"ఏడేండ్లుగా నీళ్లు పోసేది నేను. గొర్రెల్లో పుట్టినోణ్ణి. బొచ్చులోకి నీళ్లు ఇంకతాయో, పైపైన జారిపోతాయో నా చేతికి తెలవదా? నత్తి పొట్టేలంట, నలభై నీడలంట. పలక నాకింది ఉప్పుకు. జలదరించంది ఆముదానికి. ఎందుకే ఇదంతా?"

"దానికి పళ్లు లేవు మామా. కోసినా ఎవురూ నమల్లేరు," అన్నా. ఆయన చేతికంటిన ఆముదం పంచెకు తుడుచుకున్నాడు. "అది వసారాలో ఉంటేనే ఆ పదకొండుమందీ గొర్రెలెంబడి పోకుండా బడికి వస్తాండారు. రేపు అది లేకుంటే గడప తొక్కరు. నీ ఆదెయ్య గూడా."

ముసలాయన తలూపినాడు. వొంగి, తోక కింద వేలు పెట్టి చూసినాడు.

"ఈడ పూసేది మరిచినావు. పొడిగా ఉంది. చల్లనీళ్లు ఈడ తగిలితే ఎగిరి దూకుతాది. ఆముదం తెచ్చి పూయి. డప్పులోళ్లని ఇంకో టీ దాకా నేను ఆపతా."

సీసా తీసుకొనొచ్చి తోక కాడ పూస్తాండా. చెంబు ఎత్తుకొని రెండడుగులు వేసి ఆగినాడు. ఇటు తిరగలా.

"బాయి మాట... ఆ 'ఊ' అనేది. అదీ నీ కోతలేనా రత్నమ్మా?"

పొద్దు వాలతాంది. పొట్టేలు మెడతాడు బిగదీసుకొని బాయి దిక్కే తిరిగుండాది. చెవులు నిక్కినాయి.

"దాంట్లో మాత్రం నేనేం కలపలా మామా," అన్నా.

చెంబు గలగలమనింది. పసుపునీళ్లు ఒలికి ఆయన కాళ్ల మీద పడినాయి. నా చేతికింద పొట్టేలు రాయి మాదిరి నిలబడుంది. జలదరించింది గురవయ్య మామ.