రెండు తాళాల తూము: లియావ్ షూ-మిన్ గారికి అభినందన

1986 జూలై ఒకటవ తేదీన, పశ్చిమ తైవాన్‌లోని మన చింగ్‌షీ కాలువ నీటి సంఘంలో శ్రీమతి లియావ్ షూ-మిన్ గారు సహాయకురాలిగా బాధ్యతలు స్వీకరించారు. వరిపొలాల నడుమ తొలి కర్మాగారాలు తలెత్తుతున్న ఆ కాలంలో, ఒకే కాలువకు ఇద్దరు హక్కుదారులు ఏర్పడితే న్యాయం చెప్పవలసినది ఎవరన్న ప్రశ్న మన సంఘం ముంగిట నిలిచింది. కాలువ గట్ల వెంట సైకిల్ మీద తిరుగుతూ, ఎగువ రైతు కోపాన్నీ దిగువ రైతు దిగులునూ సమాన శ్రద్ధతో ఆలకించిన ఆమె, కాలక్రమంలో నీటి పంపకాల విభాగానికి అధిపతి అయ్యారు. అభివృద్ధి యంత్రాలతో మాత్రమే రాదనీ, బలవంతుడూ బలహీనుడూ ఒకే కట్టుబాటుకు లోబడినప్పుడే అది నిలుస్తుందనీ ఆమె దృఢవిశ్వాసం.

జలాశయాన్ని నింపే తుఫానులు ముఖం చాటేసిన సంవత్సరం తరువాతి వసంతంలో ఆ విశ్వాసానికి పరీక్ష ఎదురైంది. జలాశయం అడుగంటింది. అప్పుడే నాట్లు పూర్తయ్యాయి. తూము మూసి నీరంతా కర్మాగారాలకు మళ్లించమని పైనుంచి మౌఖికాదేశం వచ్చింది. వార్త పొక్కగానే రైతులు పారలతో వచ్చి తూము మీద బైఠాయించారు. ఇరుపక్షాల సభ జరగనిదే తూము కదపరాదన్న సంఘ నియమాన్ని ఉటంకించి, తన ఉద్యోగాన్ని పణంగా పెట్టి, షూ-మిన్ గారు ఆ ఆదేశాన్ని నిలిపివేశారు.

మరునాటి సభలో, ఆమె విభాగంలోనే పనిచేసే నేను ఆమె పక్కనే ఉన్నాను.

“నువ్వు మంచిదానివేనమ్మా,” అన్నారు యో అనే వృద్ధ రైతు. “రేపు నిన్ను మార్చేస్తారు. ఆ వచ్చేవాడు మా గొంతు కోస్తే?”

“అందుకే నన్ను నమ్మొద్దు పెదనాన్నా. తూముకి రెండు తాళాలు వేద్దాం. ఒకదాని చెవి మీ దగ్గర, ఇంకోదాని చెవి ఫ్యాక్టరీ వాళ్ల దగ్గర. ఇద్దరూ వస్తేనే అది కదులుతుంది.”

కర్మాగారం ప్రతినిధి జియెన్ గారు నసిగారు. “మరి మా మిషన్లు ఆగిపోతే?”

“ఫ్యాక్టరీలో కడగడానికి వాడిన నీళ్లే శుభ్రం చేసి మళ్లీ వాడుకోండి తమ్ముడూ. మిగతావి వంతులవారీగా ఇస్తాం.”

“ఇతగాడితో కలిసి నేను తాళం తియ్యాలా?” యో గారు మండిపడ్డారు. “వరికీ గడ్డికీ తేడా తెలీదు ఇతనికి!”

“మీరే నేర్పండి. ముందు అన్నం తినండి. ఆకలి మీదున్న నోటికి తిట్లే వస్తాయి,” అంటూ షూ-మిన్ గారు పంది మాంసం కూరన్నం డబ్బాలు ఇద్దరి చేతుల్లోనూ పెట్టారు. కాసేపటికి యో గారు తన డబ్బాలోని గుడ్డు తీసి జియెన్ గారి డబ్బాలో పడేశారు. “నాకు పడదు. నువ్వే తిను.” సభ యావత్తూ నవ్వింది.

ఆ వసంతమంతా తూము వంతుల ప్రకారమే తెరుచుకుంది. యంత్రాలు నెమ్మదించాయి గాని ఆగలేదు; చివరి మళ్లలో పైరు పలచబడింది గాని ఎండలేదు. మే నెలాఖరున వాన దిగినప్పుడు షూ-మిన్ గారు గొడుగు తెరవకుండానే కార్యాలయం ముంగిట నిలబడి తడిశారు. “హమ్మయ్య” అన్నారు. తదనంతరం ఆ పద్ధతినే పై అధికారులు జిల్లా అంతటికీ విధానంగా స్వీకరించారు.

గత చలికాలం, భర్తగారి మోకాలి శస్త్రచికిత్స నిమిత్తం ఆమె సెలవులో ఉండగా మళ్లీ నీటికొరత వచ్చింది. తిరిగి వచ్చీ రాగానే ఆందోళనగా అడిగారు: “సభ పెట్టలేదా? నాకెవరూ ఫోన్ చెయ్యలేదేం?”

“పెట్టాం అక్కా. అంతా తేలిపోయింది. మీ అవసరం పడలేదు.”

ఆమె నొచ్చుకుంటారేమోనని భయపడ్డాను. ఆమె కుర్చీలో వెనక్కి వాలి, తేలికగా ఊపిరి వదిలారు. “అయితే ఇంక నేను వెళ్లొచ్చు,” అన్నారు.

నిశ్చింతగా పదవీ విరమణ చేస్తున్న షూ-మిన్ గారికి, ఆకాశం వంక చూడనవసరం లేని ఉదయాలు అనేకం లభించాలనీ, భర్తగారి చేయి పట్టుకొని ఆ గట్ల మీద సంపూర్ణారోగ్యంతో చిరకాలం నడవాలనీ మనందరి హృదయపూర్వక ఆకాంక్ష.