పల్చటి పుస్తకం

ప్రెస్సులో ఆమె వాళ్ళ నాన్న రాసిన కవితల కట్ట యజమాని ముందు బల్ల మీద పెట్టింది.

"వారంలో ఇంత పుస్తకమా? రెట్టింపు మనుషుల్ని పెట్టాలమ్మా. ఖర్చూ రెట్టింపవుతుంది."

"అంత నా వల్ల కాదు బాబాయిగారూ. డాక్టరేమో నాన్న వారం దాటరన్నారు."

"అయితే పేజీలే తగ్గించాలి. ఓ ఇరవై కవితలు ఏరి ఇవ్వు తల్లీ."

ఏరి ఇచ్చింది. ఆరో రోజున పుస్తకం పట్టుకెళ్ళింది. నెల తర్వాత మళ్ళీ వచ్చింది.

"నాన్న చూసుకున్నారా?"

"చేత్తో తడిమి చూశారు. 'జన్మంతా రాస్తే ఇంతేనా అయింది?' అన్నారు."

"అయ్యో! నువ్వేమన్నావు?"

"ఇది మొదటి భాగమే నాన్నా, రెండోది అచ్చులో ఉందన్నాను. నవ్వారు. మర్నాడే పోయారు."

యజమాని కళ్ళజోడు తీసి తుడుచుకున్నాడు.

"మిగతా కవితలన్నీ తెచ్చాను బాబాయిగారూ. వీలు చూసుకునే వేయండి. ఇక తొందరేం లేదు."