దవడ లోపలి గోడను చదివిన వేలు

1993 జూలై 12వ తేదీన మా దంతవైద్య కళాశాల శరీరనిర్మాణ విభాగంలో సహాయ ఆచార్యులుగా చేరిన మేడమ్ గారు ఈ నెలాఖరున పదవీ విరమణ చేస్తున్నారు. ఈ ముప్పై రెండేళ్లలో వారు తమకంటూ ఎంచుకున్న లోకం కింది దవడ, అందులోనూ నాలుక వైపు గోడ. దారప్పోగుల్లాంటి ధమనులు అక్కడ ఎముకను ఆనుకొని సాగి, సూదిమొనంత రంధ్రాల గుండా లోపలికి ప్రవేశిస్తాయి. తొలి పదేళ్లలో నాలుగు వందల పన్నెండు దవడలను భూతద్దం కింద పరిశీలించి, ఆ రంధ్రాలు ఏ రెండింటిలోనూ ఒకేలా లేవని వారు నిరూపించిన తీరు నేటికీ మమ్మల్ని విస్మయపరుస్తూనే ఉంది.

2004లో కృత్రిమ దంతాల కోసం ఎముకలో స్క్రూలు అమర్చే ఇంప్లాంట్ విభాగం ప్రారంభమైనప్పుడు సహజంగానే వారిని మార్గదర్శకులుగా ఆహ్వానించాము. డ్రిల్ పట్టే ముందు నాలుక కింద వేలు పెట్టి ఎముకను తడిమి చూడాలన్నది వారి నియమం. విద్యార్థులు చాటుగా "వేలు మేడమ్" అనేవారు. "మా అమ్మ మనవరాలిని ముద్దాడే ముందు కూడా దవడ తడుముతుంది" అని వారి అమ్మాయి చెప్పగా కడుపుబ్బ నవ్వుకున్నాం.

2009లో ఒక ఉదయం, అరవై రెండేళ్ల దర్జీ ఒకాయనకు కింది ముందుపళ్ల చోట ఇంప్లాంట్ వేయడానికి నేను సిద్ధమయ్యాను. ఎక్స్‌రేలో ఎముక పుష్కలంగా కనబడింది. పొడుగాటి స్క్రూ ఎంచుకొని, తడిమి చూడకుండానే డ్రిల్ అందుకున్నాను. అటుగా వచ్చిన మేడమ్ గారు గ్లవ్స్ వేసుకొని, ఆయన నాలుక కింద వేలు పెట్టి, నా వైపు చూశారు.

"ఎముక ఫొటోలో ఉంది నాయనా, ఇక్కడ లేదు. నువ్వే చూడు."

చూశాను. లోపలి గోడ గుంటలా నొక్కుకుపోయి ఉంది. నా డ్రిల్ దాన్ని చీల్చుకొని సరాసరి ధమనిని తెంపేది. నాలుక కింద రక్తం నిండి, నిమిషాల్లో ఆయనకు ఊపిరాడకుండా పోయేది. డ్రిల్ పక్కన పెట్టేశాను.

"ఏమైందమ్మా?" అన్నారు దర్జీ.

"ఏం లేదు బాబాయ్. ఇంకో స్కాన్ తీసి, వచ్చే వారం కాస్త కురచది వేద్దామనుకుంటున్నాం," అన్నారు మేడమ్ గారు.

కేసు కాగితంలో కూడా వారే "ఇద్దరమూ చర్చించి ప్రణాళిక మార్చాము" అని రాసి సంతకం చేశారు. ఆపై పదహారేళ్లలో ఆ సంగతి ఎవరి ముందూ ఎత్తలేదు. నేను విభాగాధిపతినైన రోజున కూడా ఎత్తలేదు. వారి మౌనం చాటున నేను మంచి వైద్యుడినని పేరు తెచ్చుకున్నాను.

ఆ చర్చ జరగలేదని, తప్పు పూర్తిగా నాదేనని, మా కళాశాల పత్రిక ఈ సంచికలో వారి కుటుంబసభ్యులూ మా సహోద్యోగులూ చదివేలా నేడు రాస్తున్నాను. దర్జీ బాబాయ్‌కి ఇప్పుడు డెబ్బై ఎనిమిదేళ్లు. ఇప్పటికీ కుట్టుమిషన్ తొక్కుతున్నారు. మేడమ్ గారు ఆయనంత ఆరోగ్యంగా, ఆయనకంటే ఎక్కువ కాలం, మనవరాలి పిల్లల దవడలు కూడా తడుముతూ హాయిగా జీవించాలని మనసారా కోరుకుంటున్నాను.