నిజం కక్కించే కొండబండి

తిరపతమ్మ ఆ కొండబండి గేటు పక్కనే కూచుని మొక్కజొన్న పొత్తులు కాల్చి అమ్మేదంట. ఇన్నేళ్లు దాని పక్కనే కూచుంది గానీ ఒక్కసారన్నా అది ఎక్కిన పాపాన పోలేదనుకో. "ఏం వదినా, ఊరూరోళ్లొచ్చి ఎక్కిపోతంటే నువ్వెక్కవేంది" అని ఎవరన్నా అడిగితే, "నాకు కళ్లు తిరుగుతయ్యమ్మా" అనేదంట. కళ్లు తిరగడం కాదు, కడుపులో ఉన్నది బయటికొస్తదని భయం. కడుపులో ఉన్నదంటే తిన్నది కాదు నాయనా, మాట. ఆ మాటేందో చెప్తాగా, తొందరపడమాకండి. ముందు బండి సంగతి ఇనండి.

నందులమిట్ట అని ఊరు. ఊరి బయట పంచాయితీ నేలలో శేషాచలం అనే ఆయన పార్కు పెట్టాడు. జయింటు వీలుంది, పిల్లల రైలుంది, పొట్టిగా పొడుగ్గా కనపడే అద్దాల గదుంది, అన్నీ ఉండయ్యి గానీ గొప్పంతా కొండబండిదే. గొలుసు పట్టుకుని టకటకా టకటకా అంటా పైకి పోద్ది, పైన ఒక్క చణం ఆగుద్ది, ఆడినించి ఇంక దేవుడే దిక్కు. బోర్డు మీద దానికేదో ఇంగిలీసు పేరు రాశారు, ఆ బోర్డు తుప్పు పట్టింది, మనోళ్లు కొండబండన్నారు, అదే ఖాయమైపోయింది. కొత్తల్లో ఏమైందంటే, సాంబయ్య అనేవాడు సరదాపడి ఎక్కాడంట. అప్పుడే నాగూర్ మీరా వాళ్ల మేక కనపడక ఊరంతా ఎతుకుతా ఉంది. బండి పైకి పోయింది, కిందికి జారింది. సాంబయ్య ముందున్న కడ్డీని వాటేసుకున్నాడు. "మేకని నేనే కోసుకు తిన్నా, నన్ను దించండ్రో" అని కేకేశాడు. వాణ్ణి ఎవరూ అడగలా. అసలు ఎవరూ అనుమానించనన్నా అనుమానించలా. అంతే, ఆ రోజు నించి ఊళ్లో ఏ తగువొచ్చినా పెద్దమనుషులు అరుగుల మీద కూచోడం మానేశారు. తగువు పడ్డ ఇద్దర్నీ తీసకపోయి కొండబండిలో కూచోబెడతారు, కింద వీళ్లు చెవులు రిక్కించుకుని నిలబడతారు. జారేటప్పుడు నోట్లోంచి ఏదొస్తే అదే తీర్పు. గట్టు తగువులు, కోళ్ల తగువులు, మొగుడూ పెళ్లాల తగువులు కూడాను. మొగుడూ పెళ్లాలవి తర్వాత మానిపించార్లే, పార్కుకొచ్చిన చిన్నపిల్లలు ఇంటన్నారని.

తిరపతమ్మకి ఇద్దరన్నలు. పెద్దాయన గురవయ్య, చిన్నాయన కోటేసు. ఒకే గోడకి అటొకడు ఇటొకడు కాపరం, మాటల్లేవు. ఒకళ్లు తుమ్మితే రెండోవాళ్లు తలుపేసుకుంటారు. ఎందుకంటే, వాళ్ల నాయనకి ఒక గిత్త ఉండేదంట, ఆ గిత్తంటే ఆయనకి పంచప్రాణాలు. ఒక పొద్దు గుంజకి తాడుంది, తాడుకి గిత్త లేదు. ఎతికితే యాడుంది? వానల్లేక ఎండిన చేలో జొన్న పిలకలు మేసి కాళ్లు తన్నుకుంటా ఉంది. ఆ పిలకల్లో విషముంటదని మీకు నేను చెప్పాలా. చచ్చిపోయింది. నాయన చర్నాకోల తీసుకుని "కట్టెయ్యకుండా పోయిందెవడ్రా" అన్నాడు. గురవయ్య, కోటేసే అన్నాడు. కోటేసు, అన్నే అన్నాడు. ఆ ముసలాయన ఇద్దర్నీ కొట్టాడు, ఇద్దర్లో ఎవర్నీ నమ్మకుండానే కొన్నాళ్లకి పోయాడు. నాయన నన్ను నమ్మకుండా పోయింది వీడి మూలానే అని వాడూ, వాడి మూలానే అని వీడూ.

మరి నిజమేందంటే, అట్లతద్దికి ఉయ్యాలేసుకోడానికి తాడు దొరక్క గిత్త మెళ్లోంచి తాడు విప్పుకుపోయింది తిరపతమ్మ. లంగా కట్టుకుని తిరిగే పిల్ల. గిత్త పడుకుని నెమరేస్తా ఉంది, ఇదెందుకు లేస్తదిలే అనుకుంది. ఉయ్యాలూగి ఊగి, తాడు తెచ్చి గుంజకి కట్టేసి చూస్తే గిత్త లేదు. నాయన చేతిలో చర్నాకోల చూసింది, నోరు పడిపోయింది. రేపు చెప్దాంలే అనుకుంది. నాయన పోయినాక అన్నలకి చెప్దాంలే అనుకుంది. పెళ్లయినాక చెప్దాంలే అనుకుంది. ఎప్పుడు చెప్పినా "ఇన్నాళ్లు ఎందుకు చెప్పలేదే" అంటారుగా, దానికి ఆమె దగ్గర జవాబు లేదు. అట్టా ఆ మాట అడుక్కి పోయి కూచుంది.

ఇట్టా ఉండగా తిరపతమ్మ కూతురు మల్లీశ్వరికి సంబంధం కుదిరింది. మనలో పెళ్లికూతుర్ని గంపలో కూచోబెట్టి మేనమామలు మండపంలోకి మోసుకురావాల్నా, ఇద్దరున్నాక ఇద్దరూ పట్టుకోవాల్నా? గురవయ్య దగ్గరికి పోతే, "వాడు తప్పు చేశానని ఒప్పుకుంటే గంప ఇటు పట్టుకుంటానమ్మాయ్" అన్నాడు. కోటేసు దగ్గరికి పోతే, "ఆయన ఒప్పుకుంటే అటు పట్టుకుంటా" అన్నాడు. పోనీ ఒక్క మేనమామతో కానిద్దామంటే పిల్ల కాస్త పుష్టిగా ఉంటది, ఒక్కడి వల్ల అయ్యే పని కాదు. "మామలిద్దరూ ఎత్తకపోతే నేను నడిచే పోతానమ్మా, ఊరంతా నవ్వుకోనీ" అని ఆ పిల్ల ఏడుపు. తిరపతమ్మకి అన్నం సయించడం మానేసింది.

అదే నెల్లో శేషాచలం పంచాయితీకొచ్చాడంట. "అయ్యా, ఈ కొండబండి పాతబడిపోయింది, కిర్రుకిర్రుమంటంది. బస్తీ వాళ్లు ఎక్కడం మానేశారు, తగువులున్నోళ్లు తప్ప ఎవరూ రావట్లా. అదన్నా పర్లేదు, వాళ్లు అరిచే మాటలిని వొచ్చిన కుటుంబాలు ఎనక్కి పోతన్నయ్యి. దీన్ని పీకేసి కొత్తది తెస్తాను, నేల పంచాయితీది కాబట్టి మీరు సరేననాలి" అన్నాడు. అప్పటికి నాగూర్ మీరానే పెసిడెంటు. ఊరు రెండుగా చీలింది. పీకెయ్యమని సగం మంది. పీకేస్తే నిజం ఎట్టా తేలుద్దని సగం మంది. పీకెయ్యమన్నోళ్లలో గురవయ్య, కోటేసు ఇద్దరూ ఉన్నారంట, అన్నదమ్ములు ఒక్క మాట మీద నిలబడ్డం ఊరు చూడ్డం అదే మొదలు. నాగూర్ మీరా ఊరుకోలా. "మీ ఇద్దరి తగువు ఎప్పటినించో నానతా ఉంది. ఎక్కమంటే వాణ్ణి ముందెక్కమనండి, ఆయన్ని ముందెక్కమనండి అని జారుకుంటన్నారు. బండి ఉంటదో పోద్దో తర్వాత చూద్దాం, ముందు మీరెక్కండి" అన్నాడు. ఇంక తప్పుకునే దారి లేదు.

ఎక్కారు. ఒకే సీటు, మధ్యలో కండువా పెట్టుకుని కూచున్నారు, ఒకరికొకరు తగలకుండా. కింద ఊరంతా. తిరపతమ్మ నిప్పుల మీద పొత్తు మాడిపోతన్నా చూసుకోలా. బండి టకటకా పైకి పోయింది, ఆగింది, జారింది. "నేను కాదు, నేను కాదు" అని గురవయ్య. "నేను కాదు నాయనా, నేను కాదు" అని కోటేసు. ఇద్దరూ గొంతు చించుకున్నారు. దిగారు. ఇద్దర్లో ఒకడు చేసుండాలి, ఇద్దరూ కాదంటన్నారు, అంటే బండి అబద్ధం చెప్పినట్టే కదా. అప్పుడు సాంబయ్య ముందుకొచ్చి, "అయితే ఆ మేకని నేను తినలేదేమోనబ్బా" అన్నాడంట. "నువ్వే తిన్నావుగదరా" అంటే, "ఏమో, అప్పట్లో బండి చెప్పిందని నమ్మా, ఇప్పుడు నాకే అనుమానంగా ఉంది" అన్నాడు. ఇంక చూసుకో. నా గట్టు నాకిచ్చెయ్యమని ఒకడు, నా పుంజుకి మళ్లీ తీర్పు చెప్పమని ఒకడు, ఈ బండి మాటిని మా ఆయన్ని అన్యాయంగా కొట్టానే అని ఒకామె. ఇన్నేళ్ల తీర్పులన్నీ ఒక్కసారే ఊడిపోయినయ్యి. చొక్కాలు పట్టుకున్నారు. గురవయ్య, "బండిని కూడా మోసం చేశావు గదరా" అన్నాడు కోటేసుని. కోటేసు చెప్పు తీశాడు.

బండి నిజమే చెప్పిందని ఆ జనంలో తెలిసింది ఒక్క తిరపతమ్మకే. కూతుర్ని చూసింది, అన్న చేతిలో చెప్పుని చూసింది. విసనకర్ర కింద పెట్టి, కొంగు నడుముకి దోపుకుని, పోయి బండిలో కూచుంది. నాగూర్ మీరా "నీకేం తగువక్కా, నువ్వెందుకు" అన్నాడు. "నా తగువే ఇది, పోనియ్" అంది. బండి పైకి పోతంటే, ఇంకా జారకముందే, ఆ టకటకల మధ్యలోనే, "గిత్తని విప్పింది నేనే, వాళ్లు కాదు" అని చెప్పేసిందంట, గట్టిగానే. కింద పెద్దమనుషుల్లో ఒకాయన, "పైకి పోయేటప్పుడు చెప్పింది చెల్లదు, జారేటప్పుడు చెప్పాలి" అన్నాడు. అట్టాంటి వాడు ఊరికొకడుంటాడు. సరే, జారింది. ఊరంతా తలెత్తి ఇంటంటే, అంత మనిషి, పెళ్లీడు కూతురున్న మనిషి, చిన్నపిల్ల గొంతుతో, "కొట్టమాక నాయనా, ఉయ్యాలకే నాయనా, కొట్టమాక" అని అరిచిందంట. జారినంతసేపూ అదే మాట.

దిగి నిలబడింది. అన్నలిద్దరూ ఆమె వంక చూశారు. "ఇన్నాళ్లు ఎందుకు చెప్పలేదే" అన్నాడు గురవయ్య. ఆమె తలొంచుకుంది. గురవయ్య తమ్ముడి వైపు తిరిగి, "పద్రా" అన్నాడు. "పద అన్నా" అన్నాడు కోటేసు. చెప్పు కింద పడేసి తొడుక్కున్నాడు. ఇద్దరూ కలిసి ఇంటికి పోయారు. పెళ్లి రోజున గంప అటు ఆయన, ఇటు ఈయన. "కాస్త వొంచరా" అంటే "చూసుకో అన్నా, గడప" అని ఎంత ముచ్చటగా మోశారనుకున్నావ్. అక్షింతలేశారు, బంతిలో పక్కపక్కన కూచుని తిన్నారు, పోయారు. చెల్లెలితో ఒక్క మాట మాట్టాడలా. ఆ రోజే కాదు, తర్వాతా అంతే. పొద్దుగూకితే ఒకే మంచం మీద కూచుని అన్నదమ్ములిద్దరూ ఆమెని తిట్టుకుంటారంట, దీని ఉయ్యాల తగలెయ్యా అని. తిరపతమ్మ అటుగా పోతా ఆ తిట్లినేది. ఏడ్చేది. నా అన్నలు మాట్టాడుకుంటన్నారు గదా అని సంతోషం, నాతో మాట్టాడరు గదా అని బాధ, రెండూ కలిపి ఏడ్చేది. ఏడ్చినాక అన్నం మాత్రం తినగలిగేది. ఎన్నాళ్లకో ఆమెకి ఆకలేసింది.

పెళ్లయినాక నాగూర్ మీరా మళ్లీ పంచాయితీ పెట్టాడు. బండి నిజమే చెప్పుద్దని తేలిపోయింది గదా, ఆ మేకని సాంబయ్యే తిన్నాడని మళ్లీ ఖాయమైంది గదా, ఇంక ఊరంతా ఉంచమనే అంటదని ఆయన లెక్క. "పాత బండే ఉండాలనేవాళ్లు చెయ్యెత్తండి" అన్నాడు. తిరపతమ్మ ఎత్తింది. అటు చూశాడు, ఇటు చూశాడు, ఇంకో చెయ్యి లేదంట. మొన్నటిదాకా బండి పోతే ఎట్టా అని కొట్టుకు చచ్చినోళ్లందరూ చేతులు కట్టుకుని నేల వంక చూస్తన్నారు. పొత్తులు కాల్చుకునే తిరపతమ్మ కడుపులోనే అంతుందే, మరి మన సంగతేంది అని ఎవరి లెక్క వాళ్లు చూసుకున్నారు. నాగూర్ మీరా ఆశ్చర్యపోయి, "ఇదేందబ్బా, నిజం చెప్పుద్దని తెలిసినాక కూడానా" అన్నాడంట. ఆయన చెయ్యి మాత్రం ఎత్తాడా ఏంది, ఆయనా ఎత్తలా. పీకేశారు. కొత్తది తెచ్చారు, రంగులూ అదీ బాగుంటది, పడుకోబెట్టి బిగించి గిర్రున తిప్పుద్ది, ఎంత తిప్పుద్దంటే నోట్లోంచి కేకే గానీ మాట రాదు. ఊరు చల్లగా ఉంది. ఏందట్టా చూస్తారు? సరే, మీరు చెప్పండి, ఆ పాత బండే ఉండాలనేవాళ్లు మీలో ఎవరన్నా ఉంటే చెయ్యెత్తండి. ఏం కుమారీ? నువ్వురా పెద్దబ్బాయ్? ఊ. లేవండి, అన్నాలు చల్లారిపోతన్నయ్యి.