ఆరుబయటమ్మ థీసిస్

ఈ ఊరి విశ్వవిద్యాలయంలో నలభై మందికి డాక్టరేట్లు వచ్చాయంటే అంతా నా చలవే, తెలుసా? సరేలేవే, నవ్వకు. టైపు కొట్టాను, అంతే. అయినా మార్జిన్ ఎంత వదలాలో, ఫుట్‌నోటు ఎక్కడ పెట్టాలో ఆ మహాపండితులకి నేర్పింది ఈ తాతయ్యే. ఇంతకీ ఏమన్నావు, మీ టీచర్ ట్రైనింగులో పిల్లల్ని బయటికి తీసుకెళ్లి చదువు చెప్పమంటున్నారా? హు! ఆ పని ఎప్పుడో చేసి చెడింది మా ఆరుబయటమ్మ. బడి టీచరు, ఆ పేరు మేం పెట్టిందేలే. పోయి చాలా ఏళ్లయిందిలే. ఎప్పుడు చూసినా చెప్పులకి మట్టే. నా టైపు గది గుమ్మంలో దులిపేది, నాకు ఒళ్లు మండేది. ఆరేళ్లు పిల్లల్ని కాలవ గట్ల మీద తిప్పి, నీడలు కొలిపించి, చీమలు లెక్కపెట్టించి, దాని మీద థీసిస్ అట! పోనీ అనుకుంటే, నాలుగో పట్టిక కింద ఏం రాసిందనుకున్నావు?

కొలబద్ద చాల్లేదు
నీడ గోడెక్కింది
వెనకాలే పిల్లలూ

పట్టిక కింద కవిత్వమేమిటే! మందుల చీటీలో జోలపాట రాసినట్టు. ప్రొఫెసరుగారు, ఆయన మాటంతా ముక్కుతోనే, "అమ్మా, ఇది పరిశోధనా, పాటల పుస్తకమా? ఆ పాటలు తీస్తేనే పట్టా" అన్నాడు. ఈవిడ తగ్గితేనా! "పిల్లాడు నీడ కొలుస్తూనే నవ్వాడండీ. రెండూ ఒక్కసారే జరిగాయి, విడదీసి ఎలా రాయను?" అంది. అదీ వరస. చేతిరాత ప్రతి, ఉన్నదొక్కటే, నా బల్ల మీద పడేసి, "ఉన్నది ఉన్నట్టు కొట్టండి అన్నయ్యగారూ" అని చక్కా పోయింది.

నేనూరుకుంటానా? సగంలో ఆగిన వాక్యాలంటే నాకు పరమ చిరాకు. అన్నీ కలిపేసి తోకలు తగిలించాను. "కొలబద్ద చాలకపోవుటచే నీడ గోడ నెక్కినట్లును, పిల్లలు దాని ననుసరించినట్లును విదితమగుచున్నది." ఎలా ఉంది? ఆవిడకి చూపకుండా నేరుగా ప్రొఫెసరుకిచ్చేశాను. ఆయన మురిసిపోయాడు, "ఇదీ పరిశోధన అంటే!" అని. పట్టా వచ్చేసినట్టేనా? మౌఖిక పరీక్షలో ఆ పేజీ చదవమన్నారు. ఆవిడ చూసింది. తర్వాత నా తోకలన్నీ వదిలేసి తన మూడు ముక్కలే చదివి, "మిగతాది నేను రాసింది కాదండీ" అంది. నోరు మూసుకుని ఊ అంటే పోయేదిగా, మొండిఘటం! "సొంత రాత కాని థీసిస్‌కి పట్టా ఎలా ఇస్తామమ్మా?" అని నన్ను పిలిపించారు. "ఆవిడ ఇచ్చిందే కొట్టానండీ" అన్నాను. ఆవిడ నా వంక చూసింది. కోపంగా కూడా కాదు. "అయితే ఆ చేతిరాత ప్రతి తీసుకురావయ్యా, తేలిపోతుంది" అన్నారు.

పారేశానండీ అన్నాను. పట్టా పోయింది.

పారెయ్యలేదే. అదిగో, ఆ బీరువాలో, నా చొక్కాల కింద ఉంది.