బల్ల మీద పడిన తాళంచెవి

“తాతా, మన చర్చి గుడి బోరు తాళంచెవి మరియమ్మవ్వ కొంగున ఎందుకుండాది?” అంటావా పాపా? చెప్తా. నమ్మబుద్ధి కాకుంటే ఇప్పుడే లేచి పో, ఆనక నోరెళ్లబెట్టొద్దు.

పెనుగొండ కొండ చూసినావు గదా? ఆయేడు ఎండకి ఆ కొండే చెమటలు కార్చె. వాన లేదు, శెనక్కాయ కాయలేదు, మన కాలనీ బోర్లన్నీ ఎండిపాయె. చర్చి అయ్యగారు పీఠమెక్కి, “భూమి వేడెక్కుతాండాది, చెట్లు నాటండి, వానకోసరం ఉపాసముండండి” అనె. నేను లేచి, “అయ్యగారూ, మా కాలనీవాళ్లు ఉండేదే ఉపాసం గదా, కొత్తగా దేవునికేం చెప్పల్ల?” అంటి. గుడంతా నగిరి. అయ్యగారు కూడా నగె గానీ, దగ్గినట్లు చేసె.

మా కాలనీకి దిక్కు ఒక్క గుడి బోరే. దాని తాళంచెవేమో సంఘపెద్ద జ్ఞానప్ప మొలతాడుకి. ఆయప్ప గుడి మొక్కలకి తడిపెట్టి, ఆనక తన ట్యాంకరు నింపుకొని మన కాలనీకే అమ్ముతాండె. దేవుని నీళ్లు, ఆయప్ప దుడ్లు! అడిగితే, “కమిటీలో పెడదాంలే” అంటాండె. కమిటీ అంటే ఎవురు? ఆయప్ప, ఆయప్ప బామ్మర్ది.

అంతలో కోతల పండగ వచ్చె. పండించింది తెచ్చి బల్ల మీద పెడితే అయ్యగారు ప్రార్థన చేస్తాడు, ఆనక వేలం. బల్ల మీదికి చేరింది ఏదైనా దేవునిదే. పెట్టినోడు కూడా వేలం పాడకుండా వెనక్కి తీసుకోకూడదు, మా తాతల నాటి కట్టుబాటు. వేలం పాడించేది ఎప్పుడూ నేనే. నేను ఈడ అరిస్తే హిందూపురంలో బస్సులాగిపోతాయి.

అందరూ దోసెడు దోసెడు తెస్తే, జ్ఞానప్ప ధర్మవరం పట్టుపంచె కట్టుకొని దున్నపోతంత గుమ్మడికాయ తెచ్చె. నలుగురు లేపలేందాన్ని నేను ఒంటిచేత్తో ఆసరా పట్టినా. రెండో చెయ్యి ఏం చేసిందని అడగొద్దు. గుమ్మడికాయ బల్లెక్కె, దాని పక్కనే ఠంగుమని తాళంచెవి పడె!

ఆయప్ప చెయ్యి చాపె. “ముట్టొద్దు పెద్దాయనా, అది దేవునిదాయె!” అని అరిస్తి. కండ్లు మూసుకొనుండే అయ్యగారు, “ఈ బల్ల మీదుండే సమస్తమూ బీదలకి దీవెన కావల్ల ప్రభువా” అనె. ఆడోళ్లు చెప్పిన ఆమెన్‌కి పైకప్పు లేచి మళ్లీ కూర్చునె.

తాళంచెవి పైకెత్తి, “పాడండప్పా!” అంటి. మరియమ్మవ్వ లేచి, “ఒక కోడిగుడ్డు” అనె. జ్ఞానప్ప నోరు తెరిచె. అవ్వ ఆయప్ప తట్టు తిరిగి, “పాడు జ్ఞానప్పా, పాడు. ఇన్నాళ్లూ అమ్ముకున్న నీళ్లకి ఈపొద్దు ఎంత పెడతావో అయ్యగారు కూడా విననీ” అనె. ఆడోళ్లందరూ తిరిగి చూసిరి. ఆయప్ప పట్టుపంచె సర్దుకొని పక్కకి జరిగె. ఒకటోసారి, రెండోసారి, మూడోసారి, అన్నీ ఒక్క ఊపిరిలో చెప్పేస్తి.

ఆపొద్దు నించి పొద్దునా సాయంత్రం కాలనీకంతా నీళ్లు, ఎవురికీ పైసా ఖర్చు లేదు. ఏం, నగుతాండావే? నమ్మకం లేదా? బిందె తీసుకొని బోరుకాడికి పో. నా సాక్షి, మొన్న సొంతింటి బోరు కూడా ఎండిపోయినోడు, ఆడనే వరసలో నీ ముందర నిలబడుకొని ఉంటాడు, చేతిలో బిందెతో. పేరు జ్ఞానప్ప.